నా తర్వాత తమ్ముడు

జూన్ 2

నిన్న చరిత్ర మండలి సర్వసభ్య సమావేశం. పత్రిక సంపాదకత్వం నుంచి నన్ను తప్పించారు. తప్పించామని వాళ్లు అనరు, "విశ్రాంతి" అన్నారు. నేను అలసిపోయానని ఎవరితో, ఎప్పుడు చెప్పానో మాత్రం ఎవరూ చెప్పలేదు.

నా స్థానంలో తమ్ముడు. ఉద్యోగమంతా రైల్వే స్టేషన్ కిటికీ వెనక కూర్చుని టికెట్లు ఇచ్చినవాడు. వాడు చదివిన చరిత్ర పుస్తకాలన్నీ నేను చదివి ఇచ్చినవే, అవీ సగం సగం. కాని అందరి పుట్టినరోజులూ గుర్తుపెట్టుకుంటాడు. ఎవరింట్లో ఎవరికి జ్వరం వచ్చినా ఫోన్ చేస్తాడు. మా అధ్యక్షుడు డాక్టరుగారికి అదే పాండిత్యంగా కనిపించింది. ఈ డాక్టరును నేను మనసులో తలకాయ అని పిలుచుకుంటాను. ఎవరేమన్నా అది నిలువునా ఊగుతుంది. ఒక్క నా విషయంలోనే అడ్డంగా ఊగుతుంది.

తమ్ముడు లేచి "అన్నయ్య ఉండగా నేనెందుకండీ" అని మర్యాదకు ఒక మాట అన్నాడు. తర్వాత డాక్టరును వరండాలోకి తీసుకెళ్లి ఏదో గుసగుసలాడి, వచ్చి సరేనన్నాడు. బేరం కుదిరిందన్నమాట.

ఆగస్టు ఆఖరుకల్లా పఠనాలయం తాళాలు, పత్రిక ఫైళ్లు, వంశావళి కార్డులు అప్పగించాలట.

ఆ కార్డులు నేను మండలిలో చేరిన ఏడాదే మొదలుపెట్టాను. మనిషికో కార్డు. రాజు, రాణి, సామంతుడు, గద్దె ఎక్కకుండానే పోయిన రాకుమారుడు. ఎవరి కొడుకు, ఎవరి భార్య, ఏ శాసనంలో ఉంది. వంశాలవారీగా డ్రాయర్లు, వంశానికో రంగు చీటీ. వీటిని పుస్తకంగా వేయండని ఏటా అడిగాను. ఏటా తలకాయ అడ్డంగా ఊగింది. ఈ జన్మలో నేను అడిగింది అదొక్కటే. ఇప్పుడవి టికెట్ల గుమాస్తా చేతికి.

జూన్ 3

నిన్న రాసింది మళ్లీ చదివాను. ప్రశాంతంగానే ఉంది. నాకేం బాధ లేదు.

జూన్ 6

మా ఆవిడ రిటైరైన దగ్గర్నుంచీ మధ్యాహ్నాలు కంప్యూటర్ ముందు గడుపుతుంది. పేకాట అనుకునేవాణ్ణి. కాదట. రాజ్యాలు ఏలే ఆట. పెద్ద పటం, దాని నిండా దేశాలు, కోటలు, వంశాలు, పెళ్లిళ్లు, కుట్రలు. రోజులు వాటంతటవే దొర్లుతుంటాయి, మనం ఆపమంటే ఆగుతాయి. ఆవిడ కథ చెబితే తల తిరుగుతుంది. మశూచితో పోయింది "నేనే", కోట ముట్టడించింది "నేనే", ముట్టడించినవాడి మనవరాలూ "నేనే". ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసినప్పటి అలవాటు. వార్డులో ఏం జరిగినా నేను, నేను అనేది.

"పొద్దస్తమానం పళ్లు నూరుతూ కూర్చునే బదులు మీరూ ఒక రాజ్యం ఏలుకోరాదూ?" అంది.

నా కంప్యూటర్‌లో కూడా పెట్టించింది. మొదట ఒక పాఠం వస్తుంది, ఎలా ఆడాలో నేర్పుతుందట. మూసేశాను. కౌలు శాసనాల మీద పుస్తకం రాసినవాడికి రాజ్యపాలన ఒక యంత్రం నేర్పుతుందా?

జూన్ 8

కొండల మధ్య చిన్న రాజ్యం ఎంచుకున్నాను. నడివయసు రాజు, భార్య పోయింది, పిల్లలు లేరు. ఒక తమ్ముడున్నాడు. పేర్లు మార్చుకోవచ్చని కనిపెట్టాను. రాజుకు నా పేరు, రాజు తమ్ముడికి తమ్ముడి పేరు పెట్టాను. మహామంత్రికి డాక్టరు పేరు. నా పుస్తకాన్ని టెలిఫోన్ డైరెక్టరీ అని సమీక్ష రాసిన మహానుభావుణ్ణి ఆస్థాన విదూషకుణ్ణి చేశాను. ఆయన జీతం తగ్గించడానికి కూడా వీలుంది.

మధ్యాహ్నం ఎలా గడిచిందో తెలియలేదు.

జూన్ 13

డాక్టరును మంత్రి పదవి నుంచి తీసేశాను. అలిగి తన కోటకు వెళ్లిపోయాడు. వెళ్లేముందు తల ఊపి ఉంటాడు.

ఆటలో ప్రతి మనిషికీ ప్రతి మనిషి మీదా ఒక అభిప్రాయం ఉంటుంది. ఆకుపచ్చ అయితే ఇష్టం, ఎరుపు అయితే పగ. కారణాలు కూడా రాసి ఉంటాయి. జీవితంలో ఈ సదుపాయం లేకపోవడం వల్ల మనుషుల్ని నేను నా తెలివితోనే పట్టుకోవాల్సి వచ్చింది.

జూన్ 19

రాజుకు సంబంధాలు వస్తున్నాయి. ఒకామెకు చదువు లేదు. ఇంకొకామెకు చదువుంది గాని వాళ్ల నాన్న నమ్మదగినవాడు కాదు. మూడో ఆమెకు అన్నీ ఉన్నాయి, నవ్వు మాత్రం బాగాలేదు. అందరినీ తిప్పి పంపాను.

మా ఆవిడ వెనకనుంచి చూసి, "త్వరగా పెళ్లి కానివ్వండి. పిల్లలు లేకపోతే అంతా తమ్ముడికి పోతుంది" అంది.

తెర మూలన నా బొమ్మ ఉంటుంది. దాని పక్కనే, చిన్న కిరీటం గుర్తుతో, వాడి బొమ్మ. ఎటు తిప్పినా పోదు.

జూన్ 24

తమ్ముడు ఫోన్ చేశాడు. కార్డుల సంగతి కొంచెం చెప్పమన్నాడు, ఏదో విషయం కూడా ఉందన్నాడు. పనిలో ఉన్నానని పెట్టేశాను. నిజంగానే పనిలో ఉన్నాను. పొరుగు దేశం నుంచి రాయబారి వచ్చి కూర్చున్నాడు.

జూన్ 30

మళ్లీ ఫోన్. మా ఆవిడ ఎత్తి, మరిదితో చాలాసేపు మాట్లాడింది. వదినా మరుదులకు ఎప్పుడూ మాటలకు కొదవ లేదు. నన్ను పిలిస్తే చెయ్యి ఊపాను.

జూలై 4

రాజుకు కీళ్లవాతం. ఇక పెళ్లి అనవసరం.

జూలై 8

పఠనాలయానికి వెళ్లాను. కార్డుల పునర్వ్యవస్థీకరణ మొదలుపెట్టాను. వంశాలవారీగా పెట్టడం పాత పద్ధతి. కాలక్రమమే అసలైన చరిత్ర. ఎవరు ఏ ఏడు గద్దె ఎక్కితే ఆ ఏడు కింద పెడుతున్నాను. రంగు చీటీలతో ఇక పనిలేదు గనుక తీసి బుట్టలో వేశాను. గద్దె ఎక్కనివాళ్లను కట్టగట్టి అడుగున పెట్టాను.

తమ్ముడికి మొదట్లో కాస్త ఇబ్బంది కావచ్చు. కుర్చీ కావాలనుకున్నవాడు నేర్చుకోవాలి.

జూలై 10

ఏ ఏడు ఎక్కారో తెలియనివాళ్లు సగానికి పైగా ఉన్నారు. ఇది నాకు ముందే తెలుసు, నేనే కదా రాసింది. వాళ్లను ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పెట్టాను.

జూలై 11

కొన్ని కార్డుల మీద సిరా వెలిసిపోయింది. ఒకటి చూస్తే నవ్వొచ్చింది. చేతిరాత తమ్ముడిది. మేం కొత్తగా మొదలుపెట్టిన రోజుల్లో సెలవు రోజున వచ్చి, నేను చెబుతుంటే రాసేవాడు. అక్షరాలు టికెట్ మీద ముద్ర కొట్టినట్టుంటాయి. దాన్నీ ఎక్కడో పెట్టాను.

జూలై 15

తమ్ముణ్ణి చెరలో వేయించాను. ఆటలో. నేరం లేకుండా వేస్తే సామంతులు గొణుగుతారట, గొణగనీ. చెరలో ఉన్నా వారసత్వం పోదని తెలిసింది. చిన్న కిరీటం అలాగే ఉంది. బొమ్మ వెనక మాత్రం ఊచలు వచ్చాయి.

జూలై 21

రాజు ముసలివాడైపోయాడు. ఎంతోకాలం ఉండడు. ఉన్నన్నాళ్లలో చేయాల్సినవి చేస్తున్నాను.

పెద్ద కోటలు రెండూ తమ్ముడంటే పడని సామంతులకు రాసిచ్చాను. ఒకటి డాక్టరుకే ఇచ్చాను. వాణ్ణి మళ్లీ దగ్గరికి తీశాను, ఇలాంటి పనులకు తల ఊపేవాళ్లు కావాలి. పొరుగు రాజుతో ఉన్న సంధి చించేశాను. ధాన్యపు కొట్లు అమ్మేశాను. ఆ సొమ్ముతో కొండ మీద గోపురం కట్టిస్తున్నాను. దానివల్ల ఉపయోగం ఏమీ లేదని ఆటే చెబుతుంది. ఎత్తు మాత్రం బాగా ఉంటుంది.

మా ఆవిడ కాసేపు నిలబడి చూసింది.

"ఖజానా అంతా అలా ఊడ్చేస్తున్నారేంటండీ?"

"నేను పోయాక వాడికి దక్కకూడదని."

నా ముఖంలోకి ఒకసారి చూసింది. వార్డులో మందు మింగానని అబద్ధం చెప్పే రోగిని చూసినట్టు. "ఊఁ" అని లోపలికి వెళ్లిపోయింది.

జూలై 28

పునర్వ్యవస్థీకరణ పూర్తయింది. డ్రాయర్లు మూసి, గదిలో ఒకసారి కూర్చున్నాను. నాకే ఒక రాణి కార్డు కావాల్సి వచ్చి వెతికితే దొరకలేదు. కొత్త పద్ధతి అలవాటు కావాలి.

ఈ పనికీ ఆటకూ సంబంధం లేదు.

ఆగస్టు 5

గోపురం పూర్తయింది. ప్రజలు తిరగబడ్డారు. అణిచాను.

ఆగస్టు 12

రాజు పోయాడు. నిద్రలోనే, నొప్పి లేకుండా. ఆ రాజ్యంలో అలా పోగలిగింది అతనొక్కడే.

తెర నల్లబడింది, గంటలు మోగాయి. నేను కుర్చీలో వెనక్కి వాలి, ఆట అయిపోయిందనీ, ఏవో లెక్కలు చూపించి ముగిస్తుందనీ ఎదురుచూశాను. తెర మళ్లీ వెలిగింది. అదే పటం. అవే కోటలు. మూలన నా బొమ్మ ఉండే చోట తమ్ముడి బొమ్మ. పెద్ద కిరీటం. ముఖం పీక్కుపోయి ఉంది, చెరలో దగ్గు పట్టుకుందట. పటం ఆగి ఉంది, ఏం చేయమంటారని అడుగుతోంది. నన్ను.

ఏదో పాడైందని మా ఆవిణ్ణి పిలిచాను. కళ్లజోడు సర్దుకుని చూసింది.

"పాడవలేదు. ఇప్పుడు మీరే మీ తమ్ముడు" అంది.

"అంటే?"

"రాజు పోతే వారసుడిగా ఆడాలి. ఈ ఆటంతా అదేనండీ. ఇన్నేళ్లుగా మరి నేను ఎలా ఆడుతున్నాననుకున్నారు?"

"ముందే చెప్పొచ్చు కదా."

"పాఠం మూసేసింది మీరు. అడగనిది కూడా మీరే. సరే, ఏలుకోండి. గోపురం బాగుంది."

వెళుతూ వెళుతూ నవ్వింది. వంటింట్లోకి వెళ్లాక కూడా వినిపించింది.

ఆగస్టు 13

ఆడలేదు.

ఆగస్టు 14

వదిలేస్తే ఓడిపోయినట్టు. కూర్చున్నాను.

ఖజానాలో ఏమీ లేదు. కొట్లలో గింజ లేదు. కోటలు రెండూ వీడంటే మండిపడేవాళ్ల చేతుల్లో ఉన్నాయి. డాక్టరు పన్ను కట్టనని కబురు పంపాడు. సంధి లేదు గనుక పొరుగు సైన్యం సరిహద్దులో గుడారాలు వేసింది. నడిబొడ్డున గోపురం, దాన్ని నిలబెట్టడానికే ఏటా ఖర్చు. వీడు దగ్గుతున్నాడు.

ఎవరో పగబట్టి చేసినట్టుంది రాజ్యం. ఎంత పకడ్బందీగా చేశాడు. ఎటు కదిలినా దెబ్బ తగిలేలా, ముందే ఆలోచించి.

ఆగస్టు 16

పోయిన రాజు బొమ్మ వంశవృక్షంలో ఉంది. వీడికి అతని మీద ఉన్న అభిప్రాయం ఏమిటో నొక్కి చూశాను. చెరలో వేశాడు: ఎరుపు. సంధి చించాడు: ఎరుపు. కొట్లు అమ్మాడు: ఎరుపు. అడుగున, అన్న: ఆకుపచ్చ. మొత్తం మీద ఇంకా కొంచెం ఆకుపచ్చే.

యంత్రం లెక్క. ఏ శాసనంలోనూ ఇటువంటి ఆధారం లేదు.

ఆగస్టు 19

తమ్ముడు ఇంటికి వచ్చాడు. చేతిలో కాగితం సంచి. వదినతో ఆరోగ్యాలూ అవీ మాట్లాడుకుని, కాఫీ తాగి, అప్పుడు నా గదిలోకి వచ్చాడు. డాక్టరు దగ్గరున్న తాళం తీసుకుని పఠనాలయం చూసి వచ్చాడట. నేను పుస్తకం మూయకుండానే కూర్చున్నాను. ఏం అడుగుతాడో, దానికేం చెప్పాలో అన్నీ సిద్ధంగా ఉన్నాయి. పునర్వ్యవస్థీకరణ మీద చిన్న ఉపన్యాసమే ఉంది.

"కార్డులు చూశాను అన్నయ్యా."

"చూసి?"

"నాకేం అర్థం కాలేదు. ఎప్పుడు అర్థమైంది గనక." కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "అందుకే మొదటి రోజే డాక్టరుగారికి వరండాలో చెప్పాను. ఆ కార్డులు పుస్తకంగా వేస్తామంటేనే కుర్చీలో కూర్చుంటాను, లేకపోతే మీ పత్రికకో దండం అని. ఇప్పటికి కమిటీ సంతకాలు అయ్యాయి. అట్ట మీద నీ పేరు. నవంబరులో ప్రెస్సాయన మనిషిని పంపిస్తాడు, డ్రాయర్లలో ఎలా ఉంటే అలాగే వరసగా ఎక్కించుకుంటారట. అంతా సర్దే ఉంటుందని చెప్పాను."

పుస్తకం మూశాను.

"ఇన్నాళ్లూ చెప్పలేదేం?" అన్నాను.

"ఫోన్ పెట్టేశావు కదా. సంతకాలయ్యేదాకా వదినకి కూడా చెప్పలేదు, నీకు చెప్పేస్తుందని." ఆగాడు. "నేను పత్రిక చూసుకుంటాను. ఆ కార్డుల గది నీదే. ఓపిక ఉన్నన్నాళ్లూ. అదీ రాయించాను."

తర్వాత కాగితం సంచి బల్ల మీద పెట్టాడు. లోపల రంగు చీటీలు. ఏ రంగుకు ఆ రంగు, పాత టికెట్ల కట్టల్లా రబ్బరు బ్యాండ్లు వేసి ఉన్నాయి.

"ఇవి బుట్టలో పడి ఉన్నాయి. చెత్త తీసేవాడు నెలన్నరగా రావడం లేదు, అదృష్టం."

"కిటికీ తీసి ఉంటుంది. గాలికి పడ్డాయేమో" అన్నాను.

వాడు కిటికీ వైపు చూశాడు. నా గది కిటికీ వైపు, పఠనాలయానిది అక్కడే ఉన్నట్టు.

"అయ్యుంటుంది" అన్నాడు. "గాలి బాగా వేస్తోంది ఈ మధ్య."

వాడు వెళ్లాక మా ఆవిడ కాఫీ గ్లాసులు తీసుకెళ్లడానికి వచ్చింది. సంచీలోకి చూసింది. సంచీ మూతి మడిచి నా వైపు జరిపింది.

ఆగస్టు 20

పఠనాలయానికి వెళ్లాను. డ్రాయర్లన్నీ బయటికి లాగాను. నేల మీద చోటు చాలలేదు.

ఆగస్టు 21

తండ్రి ఒకచోట, కొడుకు ఒకచోట, తల్లి అడుగున కట్టలో. ఒకరినొకరు చంపుకున్న రెండు వంశాలవాళ్లు, ఒకే ఏడు గద్దె ఎక్కిన పాపానికి, పక్కపక్కన ఉన్నారు. ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పెట్టినవాళ్లు మరీ ఘోరం. పెట్టినవాడికి కూడా ఎక్కడ పెట్టాడో గుర్తు లేదు.

ఆగస్టు 22

మోకాళ్లు పనిచేయడం లేదు. డాక్టరుకు చూపించుకోమంది మా ఆవిడ. ఆ డాక్టరుకు చూపించను.

ఆగస్టు 24

ఈ వేగంతో నవంబరుకు కాదు. వచ్చే నవంబరుకైనా అవుతుందో లేదో. సర్దని డ్రాయర్లు అలాగే అచ్చువేస్తే అట్ట మీద నా పేరు, లోపల పిచ్చివాడి కల. టెలిఫోన్ డైరెక్టరీకి కూడా ఒక వరస ఉంటుంది.

ఆగస్టు 25

నేను వెళ్లేసరికి గది తలుపు తీసి ఉంది. తమ్ముడు నేల మీద పాత దినపత్రికలు పరిచి, వాటి మీద రంగు చీటీలు వరసగా పెట్టుకుని కూర్చున్నాడు.

"సంపాదకులకు పని లేదా?" అన్నాను.

"సంపాదకులు పేర్లు చదువుతారు. నువ్వు ఎక్కడ పెట్టాలో చెప్పు" అన్నాడు.

కార్డులు ఇలా ఎందుకున్నాయని అడగలేదు. నేను పునర్వ్యవస్థీకరణ అన్న మాట వాడలేదు. మధ్యాహ్నం దాకా చేశాం. ఒక రాజు బిరుదు తప్పు చదివాడు, గట్టిగా దిద్దాను. "ఆ" అని మళ్లీ తప్పే చదివాడు. ఇలాంటివాణ్ణి సంపాదకుణ్ణి చేశారు. తన చేతిరాతే తను చదవలేకపోతున్నాడు. ఆ కార్డు వాడు రాసిందే.

ఆగస్టు 28

ఒక డ్రాయరు పూర్తిగా సర్దుకుంది. మొదటిసారి సర్దినప్పుడు కూడా ఇంత నిండుగా అనిపించలేదు. వాడు మూసి, తెరిచి, మళ్లీ మూశాడు. చప్పుడు బాగుందన్నాడు.

మధ్యాహ్నం ఆటలో పొరుగు రాజుతో మళ్లీ సంధి చేసుకున్నాను. అవమానకరమైన షరతులు. ఒప్పుకున్నాను. డాక్టరుకు విందు ఇచ్చాను. తల ఊపాడు, ఈసారి నిలువునా. నా దగ్గు కూడా కాస్త తగ్గింది.

"ఎవరి దగ్గు?" అంది మా ఆవిడ. ఇది పైకి అన్నానని నాకు తెలియదు.

ఆగస్టు 31

అప్పగింత. డాక్టరు వచ్చాడు, ఫోటో తీశారు. ఫైళ్లు ఇచ్చాను, తాళాలు ఇచ్చాను. కార్డుల గది తాళం తమ్ముడు నా జేబులోనే మళ్లీ వేశాడు. నా సేవల గురించి డాక్టరు మాట్లాడాడు. సంవత్సరం తప్పు చెప్పాడు. దిద్దలేదు.

రేపు పొద్దున రెండో డ్రాయరు. నవంబరుకు అవుతుందని తమ్ముడంటాడు. వాడి లెక్కల మీద నాకు నమ్మకం లేదు. కాని రైళ్ల దగ్గర పనిచేసినవాడు, ఆలస్యం ఎంతవుతుందో తెలిసే ఉంటుంది.

సాయంత్రం ఆటలో కూర్చున్నాను. పెళ్లి సంబంధం వచ్చింది. నవ్వు సంగతి చూడకుండా ఒప్పుకున్నాను. ఆ వెంటనే ఆస్థాన చరిత్రకారులు వచ్చారు. పోయిన రాజుకు చరిత్రలో ఏ బిరుదు ఉండాలో కొత్త రాజు తేల్చాలట. మూడు ఇచ్చారు, ఒకటి నొక్కాలి. దుర్మార్గుడు. ఒంటరివాడు. గోపురం కట్టినవాడు.

ఆధారాలన్నీ నా దగ్గర ఉన్నాయి. చరిత్రకారుడిగా నేనైతే మొదటిదే నొక్కాలి. కాని ఇప్పుడు ఏలుతున్నది తమ్ముడు. మూడోది నొక్కాను.